కొత్తగా పాస్టరుగా సంఘం చేపట్టిన అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

నాయనా,

ప్రభువు నామంలో నీకూ కోడలికీ వందనాలు. మొదటి నెలల్లోనే హాజరు పెరిగిందనీ, క్రిస్మస్‌కు కుర్చీలు చాలక షామియానా వేయించాల్సి వచ్చిందనీ రాశావు. సంతోషమే. అయితే క్రిస్మస్‌కు ఏ సంఘంలో కుర్చీలు సరిపోయాయి గనుక? పండుగకూ, డిసెంబరు 31 రాత్రికీ, గుడ్ ఫ్రైడేకీ వచ్చే జనాన్ని చూసి ఏదీ లెక్క కట్టకు. నాట్ల రోజుల్లో, వాన కురుస్తున్న ఆదివారం ఎవరు వచ్చారో చూడు. వచ్చినవాళ్ళు సోమవారం నుంచి శనివారం వరకు ఎలా ఉంటున్నారో అంతకంటే శ్రద్ధగా చూడు.

మీ పెదనాన్న పరిచర్య చేసిన ఊళ్ళన్నిటిలో నేను బడి పంతులమ్మగానూ స్త్రీల సమాజంలోనూ పనిచేశాను. వాటన్నిటిలో నాకు కనిపించింది ఒకటే. సంఘం ఎదిగిందో లేదో పాస్టరు ఊళ్ళో లేని వారం బయటపడుతుంది. ఆ వారం ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గరికి ఎవరైనా వెళ్ళారా? కూడిక జరిగిందా, తాళం పడిందా? అన్నదమ్ములు తగువు పడితే సర్ది చెప్పేవాళ్ళున్నారా, లేక అయ్యగారు వచ్చేదాకా అందరూ చూస్తూ కూర్చున్నారా? నువ్వు లేకపోతే ఏదీ జరగకపోవడం నీ గొప్పతనమని నీకు అనిపించవచ్చు, వాళ్ళూ అలాగే అంటారు. నమ్మకు.

మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే మామ యిత్రో చూసి, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారని చెప్పాడు. వెయ్యి మందికీ, వందకీ, యాభైకీ, పదిమందికీ ఒక్కొక్కరిని నియమించమన్నాడు. మామ చెబితే మోషే విన్నాడు. పెద్దమ్మ చెబితే నువ్వు వినకపోవు. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు చెప్పిందీ ఇదే. కాపరులనూ బోధకులనూ ఇచ్చింది విశ్వాసులను పరిచర్యకు సిద్ధం చేయడానికి. పాస్టరుగా నియమించే గురుపట్టాభిషేకం రోజున ఆ భాగం చదువుతారు, మరునాటి నుంచి పనంతా పాస్టరు మీద వేస్తారు.

ఇది మన నేలకు కొత్త కాదు. 1912లో దోర్నకల్‌కు బిషప్పయిన అజరయ్య గారు, బాప్తిస్మం తీసుకున్న ప్రతివారి చేతా తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. వాళ్ళలో చాలామంది పాలేర్లు, కూలీలు, అక్షరం రానివాళ్ళు. ముందు పదేళ్ళు కూర్చుని వినండి, తరువాత చూద్దాం అని ఆయన అనలేదు. మొదటి రోజే పని అప్పగించారు. మన సంఘాల్లో ముప్పై ఏళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చుని వింటున్నవాళ్ళను లేచి నాలుగు మాటలు ప్రార్థన చేయమంటే వణికిపోతారు. తప్పు వాళ్ళది కాదు, ఎవరూ అడగలేదు.

కాబట్టి గృహకూడికలతో మొదలుపెట్టు. నీ ప్రసంగానికి ఇంకో వేదిక అన్నట్టుగా మాత్రం వాటిని నడపకు. మార్కు సువార్త తీసుకో, 16 అధ్యాయాలు, వారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. అధ్యాయాన్ని తలా కొంత చదవాలి. చదివాక పుస్తకం మూసి, ఇప్పుడు విన్నది మీ మాటల్లో చెప్పమని అడుగు. మన బైబిలు భాష పాతది. వినడానికి గంభీరంగా ఉంటుంది, సగం అర్థం కాకపోయినా ఆమేన్ అనేస్తాం. సొంత మాటల్లో చెప్పమంటే ఎవరికి ఏం తెలిసిందో తేలిపోతుంది. ఆ తరువాత, ఈ వారం దీని వల్ల మనం ఏం చేయాలి అని అడుగు. జవాబు రాకపోతే నువ్వు అందించకు, కాసేపు ఊరుకో. మౌనం నీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ వాగుడుకాయవు. రెండో నెల నుంచి కూడిక నడిపే పని ఇంటివాళ్ళకే అప్పగించి నువ్వు వెనుక కూర్చో. ఎవరైనా వాక్యాన్ని తప్పుగా చెబితే అందరి ముందూ దిద్దకు, తిరిగి వెళ్ళేటప్పుడు నడుస్తూ చెప్పు.

చదవలేని ముసలమ్మలను తక్కువగా చూడకు. రాగం, తాళం పైన వేసి ఉండే మన పాత కీర్తనలు పదీ ఇరవై చరణాలతో సహా వాళ్ళకు కంఠతా వచ్చు. సృష్టి మొదలు సిలువ దాకా అంతా అందులోనే ఉంది. కీబోర్డు కుర్రాళ్ళ కొత్త పాటలు పాడుకోనీ, నాకేం అభ్యంతరం లేదు. వారానికి ఒక పాత కీర్తన మాత్రం ముసలివాళ్ళ చేత పిల్లలకు నేర్పించు. తెల్లవారకముందే మైకు మాత్రం పెట్టకు. పక్క ఇంట్లో పరీక్షకు చదువుకునే పిల్ల ఉంటుంది, రోగీ ఉంటాడు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నియమం మనకూ వర్తిస్తుంది.

డబ్బు సంగతి. కానుకలు నువ్వు లెక్కపెట్టకు. ఆరాధన అయిన వెంటనే, బంధువులు కాని ఇద్దరు లెక్కపెట్టి సంతకం చేయాలి, నెలకొకసారి సంఘంలో చదివి వినిపించాలి. నీ సొంత ఖాతాలో ఒక్క రూపాయి పడకూడదు. యెరూషలేము పేదల కోసం చందా పంపుతున్నప్పుడు ఎవరూ తప్పు పట్టకూడదని పౌలు నమ్మకమైన మనుషులను వెంట పంపాడు. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?

అసలు ఆది సంఘంలో వచ్చిన మొదటి సణుగుడు ఎందుకో గుర్తుందా? రోజూ పంచే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు అన్యాయం జరుగుతోందని. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని తోసేయలేదు, ప్రార్థన చేసుకోండని పంపేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడు, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ వైపు మనుషుల చేతికే పంపకం వెళ్ళింది. దేవుని వాక్యం ప్రబలిందనీ శిష్యుల సంఖ్య విస్తరించిందనీ ఆ వెంటనే రాసి ఉంది.

ఇక్కడే మన సంఘాల పాత పుండు గురించి చెప్పాలి. కొన్ని ఊళ్ళల్లో ఒకే మిషను వాళ్ళవి రెండు గుళ్ళుంటాయి, మాలపల్లెలో ఒకటి, మాదిగపల్లెలో ఒకటి. ఎందుకు రెండని ఎవరూ అడగరు. ఒకే గుడి ఉన్నచోట కమిటీ ఎన్నికలప్పుడు అదే గీత బయటికొస్తుంది, పెళ్ళి సంబంధాలప్పుడు ఇంకా లోతుగా కనిపిస్తుంది. కొత్తగా వేరే కులం నుంచి ఒక కుటుంబం వస్తే వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి మర్యాద చేయడం కూడా ఆ జబ్బే. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ ఉండి, యెరూషలేము నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు, బర్నబా కూడా వెంట నడిచాడు. పౌలు పేతురును అందరి ఎదుటే నిలదీశాడు. భోజనం దగ్గర విడిపోవడం సువార్తకు సంబంధించిన విషయమని ఆయనకు తెలుసు. నువ్వు మొదటి ఏడే కులం మీద ఘాటైన ప్రసంగం చెయ్యనక్కర్లేదు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో ఎవరు వండుతున్నారో, ఎవరు వడ్డిస్తున్నారో, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో గమనించి, జట్లు కలుపు. గృహకూడిక రెండు పల్లెల్లోనూ మార్చి మార్చి పెట్టు. ఎవరైనా రాకపోతే ఇంటికి వెళ్ళి ఎందుకని అడుగు. పెద్దవాళ్ళకు కోపం వస్తుంది. రానీ.

స్వస్థత గురించి. రోగుల మీద చెయ్యి ఉంచి, నూనె రాసి ప్రార్థించు, యాకోబు చెప్పాడు కదా. కానీ ఎవరి చేతా మాత్రలు మాన్పించకు. క్షయకు మందు మామూలుగా ఆరు నెలలు వాడాలి. ప్రార్థనతో తగ్గిందని రెండో నెలలో ఆపేస్తే, మందులకు లొంగని క్షయగా తిరిగి వచ్చే ప్రమాదం ఉంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం 40 రోజులూ ఉపవాసం ఉంటామని షుగరు ఉన్నవాళ్ళు వస్తారు. డాక్టరును అడిగి రమ్మని చెప్పు, అన్నం మానలేనివాళ్ళు ఆ రోజుల్లో టీవీయో చాడీలో మానుకోవచ్చు. లూకా వైద్యుడు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కూగ్లర్ కూడా వైద్యురాలే, ఆమె కట్టించిన ఆసుపత్రిలో ప్రార్థనా మందూ కలిసే నడిచాయి. విత్తితే పదింతలు కోస్తారు, కానుక వేస్తే అప్పు తీరుతుందని చెప్పే బోధకులు బయటినుంచి వస్తామంటే వేదిక ఇవ్వకు. జనం పెరుగుతారు, నిజమే. అప్పు తీరని రోజున వాళ్ళు ఆ బోధకుడి మీద కాదు, దేవుడి మీద అలుగుతారు.

ఇక నీ సంగతి. వారంలో ఒక రోజు ఫోను తీసిపెట్టి ఇంట్లో ఉండు. ప్రసంగం కోసం కాకుండా నీ కోసం బైబిలు చదువు. ఈ రెంటికీ తేడా మాయమైపోవడం పాస్టర్లకు వచ్చే మొదటి జబ్బు. నీ ముఖం మీద నిజం చెప్పే పెద్ద మనిషిని ఒకరిని చూసుకో, ఆయన మీ సంఘంవాడు కాకపోతే మంచిది. ఆడవాళ్ళు బాధ చెప్పుకోవడానికి వస్తే తలుపు తీసే ఉంచు, స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడను పక్కన కూర్చోబెట్టు. పిల్లలతో పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే, ఒంటరిగా ఉండకూడదన్న నియమం సండే స్కూలుకూ, సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి వి.బి.ఎస్‌.కూ ఇప్పుడే పెట్టు.

కోడల్ని సంఘం జీతం లేని పనిమనిషిగా చూడనివ్వకు. అమ్మగారు కాబట్టి పాట నడపాలి, వంట చూడాలి, అందరినీ పలకరించాలి అంటారు. ఆమెకు ఇష్టమైన పని ఏదో ఆమెను అడిగి, అది మాత్రమే చేయనివ్వు. మిగతావి చేయడానికి సంఘంలో మనుషులున్నారు, లేకపోతే తయారవుతారు.

శ్రమల కాలం మొదలయ్యేలోపు ఒకసారి వస్తాను. ఆదివారం ఆరాధనకు కాదు, గృహకూడికకు. ఏ వారమైతే నువ్వు వాక్యం చెప్పవో ఆ వారం చూసి చెప్పు. ఆ ఇంటివాళ్ళకు వంట పని పెట్టవద్దు, టీ చాలు. కోడలి బి.ఎడ్. పరీక్షలు ఎప్పుడో కూడా రాయి, వీలైతే ఆ రోజుల్లోనే వచ్చి పిల్లవాణ్ణి నేను చూసుకుంటాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ