కషాయం తాగిన కోళ్లకు టీకా అక్కర్లేదా?

ప్రశ్న: నా దగ్గర 150 నాటుకోళ్లు, 60 పిల్లలు ఉన్నాయి. నెల రోజులుగా తిప్పతీగ, నేలవేము, పసుపు వేసి కాచిన కషాయం తాగునీటిలో కలుపుతున్నాను. దీంతో రోగనిరోధక కణాలు బలపడతాయని, కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) టీకా మానేయవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: టీకా మాత్రం మానకండి. ఈ మొక్కల్లో గుణం లేదని నేను అనను. కానీ మీరు కలిపిన మూడూ ఒకే పని చేయవు.

తిప్పతీగ కాండంలో పాలిశాకరైడ్లు అనే పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. ఒంట్లోకి చొరబడిన క్రిములను మింగేసే మాక్రోఫేజ్ కణాలను ఇవి తట్టి లేపుతాయి. బ్యాక్టీరియాను పసిగట్టడానికి ఆ కణాల పైపొర మీద గ్రాహకాలు ఉంటాయి. ఈ చక్కెరలు వాటికి తగలగానే శత్రువే వచ్చిందనుకుని కణం పనిలోకి దిగుతుంది. పసుపులోని కర్క్యుమిన్, నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్ ప్రధానంగా దీనికి ఎదురు పని చేస్తాయి. వాపు పుట్టించే జన్యువులను నడిపే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. వాపు మితిమీరినప్పుడు అది మేలే. కానీ మీ గిన్నెలో ఒకటి లేపేది, రెండు జోకొట్టేవి!

పైగా ఈ ఫలితాల్లో చాలావరకు ల్యాబ్‌లో కణాల మీద నేరుగా వేసి చూసినవి. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, పేగు నుంచి రక్తంలోకి చేరేది చాలా కొంచెం.

అసలు విషయం జ్ఞాపకం. మాక్రోఫేజ్‌కు ఏ క్రిమైనా ఒకటే. ఫలానా వైరస్‌ను గుర్తుపెట్టుకుని దానికి సరిపడే యాంటీబాడీలు (క్రిమికి అంటుకుని దాన్ని అడ్డుకునే ప్రోటీన్లు) తయారు చేసేవి బి కణాలు. ఆ పేరు కోడి నుంచే వచ్చింది: అవి తయారయ్యేది మలద్వారం దగ్గర ఉండే బర్సా అనే చిన్న తిత్తిలో, ఆ బర్సాలోని మొదటి అక్షరమే ‘బి’. యాంటీబాడీలకు ఆ తిత్తి అవసరమని 1956లో కోళ్ల మీద చేసిన పరిశోధనలోనే తేలింది. కొక్కెర తెగులు వైరస్‌ను ఆ కణాలకు ముందే, ప్రమాదం లేకుండా పరిచయం చేసేది టీకాయే. ఏ కషాయానికీ ఆ పని చేతకాదు.

టీకాకు సాయపడే మొక్క లేకపోలేదు. క్విల్లాయా అనే చెట్టు బెరడులోని సపోనిన్‌ను పశువుల గాలికుంటు టీకాల్లో కలుపుతారు. అయితే అది శుద్ధి చేసి, కొలత ప్రకారం వేసినది. మనం పొయ్యి మీద కాచేదానికి ఆ కొలత ఎక్కడిది?

పిల్లలకు 5-7 రోజుల వయసులో లాసోటా అనే కొక్కెర తెగులు టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయించండి. పెద్దవాటికి ఏది, ఎప్పుడో పశువైద్యుడిని అడగండి. నీటిలో ఇచ్చే టీకా అయితే రెండు రోజుల ముందు నుంచి, తర్వాత రెండు రోజులు కషాయం ఆపేయమంటాను. చేదుకు కోళ్లు నీళ్లు సరిగా తాగవు, తాగకపోతే డోసు అందదు. క్లోరిన్ లేని చల్లటి నీటిలో లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తర్వాతే టీకా కలపండి. అంతకుముందు గంట, రెండు గంటలు నీళ్లు ఆపితే దాహంతో త్వరగా తాగేస్తాయి. ముక్కుతూ మూలుగుతూ ఉన్న కోళ్లకు మాత్రం ఆ రోజు టీకా వేయకండి, వాటిని వేరుచేసి వైద్యుడికి చూపించండి.