గుల్టి, అరవం, ఆయ్

సందేహం: మా అబ్బాయి చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తోటి పిల్లలు వాడిని 'గుల్టి' అని పిలుస్తున్నారట. వాడు నవ్వి ఊరుకుంటున్నాడు కానీ నాకు మాత్రం గుచ్చుకుంటోంది. ఈ మాట ఎక్కడిది? తిట్టా, ముద్దా? మా అత్తగారేమో "మనం వాళ్ళను అరవవాళ్ళు అనటం లేదా? చెల్లుకు చెల్లు" అంటున్నారు. 'అరవం' అనటం కూడా తప్పేనా? ఇంకొక చిన్న ప్రశ్న. హైదరాబాదులో మా గోదావరి వాళ్ళను 'ఆయ్' అని ఆట పట్టిస్తారు. రాసేటప్పుడు మమ్మల్ని గోదావరి వాళ్ళు అనాలా, గోదావరీయులు అనాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, 'గుల్టి' సంగతి ముందు తేల్చుకుందాం. 'తెలుగు'ను తిరగేస్తే పుట్టిందని అందరూ చెప్పేదే. కాస్త తరచి చూస్తే అది ఎక్కడ పుట్టి ఉంటుందో కూడా ఆ మాటే చెబుతుంది. తమిళులు మన భాషను 'తెలుంగు' అంటారు. దాన్ని తిరగేసి ఉంటే ఆ సున్నా ఎక్కడో ఒకచోట మిగలాలి. గుల్టిలో సున్నా లేదు. పైగా 'త' పోయి 'ట' వచ్చింది. రోమన్ లిపిలో ఈ రెండింటికీ ఒకటే అక్షరం కదా! 'టెల్గు' అని ఇంగ్లీషు బడి ఉచ్చారణలో పలికి, అక్షరాలను వెనక నుంచి పేర్చితే గు-ల్-టె. నోట్లో నానాక గుల్టి, ఇంకా నానాక గొల్టి. అంటే ఇది తరతరాల తమిళ ద్వేషం కన్న బిడ్డ కాదు, రోమన్ లిపిలో చదువుకున్న కుర్రకారు భోజనాల బల్ల దగ్గర కన్న బిడ్డ అని నా అంచనా. ఎదుటివాడికి అర్థం కాకుండా వాడి గురించే మాట్లాడుకోవటానికి పిల్లలు ఇలాంటివి చేస్తారు. ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి మనం 'క' భాష మాట్లాడుకోలేదూ? మన భాష పేరు 'వికటకవి' లాంటిదై ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఎటు నుంచి తిప్పినా మర్యాద చెడదు.

ఇక మీ అత్తగారు ఎత్తిచూపిన 'అరవం'. దీని మీద మన పండితులు ఆడుకున్నంతగా మరే మాట మీదా ఆడుకోలేదేమో. అ-రవం, అంటే ధ్వని లేనిది, ఇంపైన నాదం లేనిది అని ఒకాయన విడదీస్తాడు. కాదు, 'అరవటం' నుంచి వచ్చింది, గట్టిగా మాట్లాడతారు గనుక అరవవాళ్ళు అని ఇంకొకాయన. ఒకరి లెక్కలో వాళ్ళకు నోరు లేదు, ఇంకొకరి లెక్కలో నోరు మూతపడదు. రెండు వ్యుత్పత్తులూ ఒకే జనం మీద నిలబడవు. నిజానికి రెండింటిలో ఏదీ నిలబడదు.

తమిళ వ్యాకరణ వ్యాఖ్యాతలు చెప్పే 12 నాడుల్లో, అంటే ప్రాంతాల్లో, 'అరువానాడు' ఒకటి. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కూడా తూర్పు తీరం మీద 'అరువర్నోయి' అనే జనాన్ని పేర్కొన్నాడు. తమిళ దేశానికి ఉత్తరపు కొస అది. మనం అటు వెళితే ముందుగా కాలు పెట్టేది అక్కడే. కనుక మనకు గడపే ఇల్లంతా అయింది. అరువావాళ్ళు అరవవాళ్ళయ్యారు, కన్యాకుమారి దాకా అందరూ అరవలే అయ్యారు. ఇప్పుడున్న వివరణల్లో నాకు నమ్మకంగా తోచేది ఇదే.

దీనికి తోడు చూడవలసిన తమాషా ఒకటుంది. కన్నడిగులు తమిళులను వెక్కిరింపుగా 'కొంగ' అంటారు. మన చెరువు గట్టు కొంగ కాదు, కోయంబత్తూరు వైపు కొంగునాడు. కర్ణాటకకు ఆనుకుని ఉన్నది అదే. మలయాళీలు అదే తమిళుణ్ణి 'పాండి' అంటారు. మదురై పాండ్యుల నేల కేరళకు కొండల అవతలి పక్క. ఒకే జనం, మూడు వైపుల పొరుగువాళ్ళు, మూడు పేర్లు. ఎవరికి ఏ గుమ్మం దగ్గరైతే ఆ గుమ్మం పేరుతో పిలిచారు. చిరాకు పడాల్సింది ఎవరైనా ఉంటే తమిళులే. అసలు తలుపు మీద రాసి ఉన్న పేరు చదివిన పొరుగువాడు ఒక్కడూ లేడు.

మనకూ ఇదే జరిగింది. సంగం కాలం నుంచీ తమిళులకు మనం 'వడుగులం', అంటే ఉత్తరాది వాళ్ళం. తమిళుల ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియానికి ఉన్న పీఠిక (పాయిరం) తమిళ నేలకు ఉత్తరపు హద్దుగా చెప్పింది మన వేంకటాచలాన్నే. అది దాటితే వడుగు నేల. మరోపక్క 'తెనుగు'లో ఉన్నది దక్షిణమనే అర్థమిచ్చే 'తెన్' అనీ, కనుక మనం దక్షిణాది వాళ్ళమనీ కొందరు పండితుల మాట. ఢిల్లీకి వెళితే చెప్పనే అక్కరలేదు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయాక కూడా ఎన్నో ఏళ్ళు అక్కడ మనం 'మద్రాసీ'లమే. ఒకరికి ఉత్తరం, ఒకరికి దక్షిణం, మనకు మాత్రం మనం నడిమధ్య.

సముద్రం వైపు నుంచి చూసిన వాళ్ళకు గుమ్మం రేవు. మీ కాకినాడ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడ ఓడ ఎక్కి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలందరూ రంగూనులో 'కోరంగీ'లయ్యారు. వాళ్ళలో కోరంగి ముఖం ఓడ ఎక్కే రోజు తప్ప చూడని వాళ్ళు ఎందరో! అంతకుముందే కళింగం నుంచి వెళ్ళిన వర్తకుల పుణ్యమా అని మలయా ప్రాంతంలో దక్షిణ భారతీయులంతా 'క్లింగు'లయ్యారు. మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు ఈనాటికీ ఉంది. మసీదు పేరులో ఆ మాట పెద్దగా బాధ కలిగించదు. అదే మాట వీధిలో ఒక మనిషి మీద విసిరితే అది ఇప్పుడు అక్కడ ఘోరమైన అవమానం. మూలం చూస్తే కళింగమంత గొప్పది.

ఇంగ్లీషువాళ్ళు మనకిచ్చిన పేరు ఇంకా వింత. ఎ.డి. క్యాంబెల్ 1816లో అచ్చు వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే ఈ భాషను సాధారణంగా 'జెంటూ' అంటారని ఉంది. అన్యమతస్థుడనే పోర్చుగీసు మాట దానికి మూలం. అంటే మన సూరన, పోతనల భాష వాళ్ళ లెక్కలో 'అన్యమతస్థం'! (జెంటూ అనే పేరుతో ఒక జాతి పెంగ్విన్ కూడా ఉంది. దయచేసి చుట్టరికం కలపకండి.)

పోనీ మనం మర్యాదస్థులమా అంటే, మచిలీపట్నం వెళ్ళి చూడండి. ఫ్రెంచివాళ్ళు పరాసులయ్యారు, అక్కడ పరాసుపేట ఉంది. హాలెండు డచ్చివాళ్ళు వలందులయ్యారు, వలందపాలెం ఉంది. ఇంగ్లీషుపాలెమూ ఉంది. ఇవన్నీ సాఫీగానే సాగాయి కానీ పోర్చుగీసుల దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళ చెవికి ఏమైందో, వాళ్ళను 'బుడతకీచులు' చేశారు. సముద్రాలు గడగడలాడించిన ఫిరంగి ఓడల వాళ్ళు, తెలుగులో కీచుమనే బుడతలు! ధ్వని మార్పుగా దీన్ని వివరించవచ్చు. కానీ ఆ మార్పులో ఎక్కడో ఒక కొంటెవాడి చెయ్యి లేదంటే నేను నమ్మను.

కనుక మీ మొదటి రెండు ప్రశ్నలకు నా సమాధానం ఇది. మాట పుట్టుకను బట్టి తిట్టా కాదా అని తేల్చలేము. కోరంగి ఊరి పేరు, కళింగం రాజ్యం పేరు, అరువా నాడు పేరు, ఏదీ తిట్టుగా పుట్టలేదు. గుల్టి ఆటగా పుట్టింది. తిట్టు అయ్యేది వాడకంలో. 'అరవ చాకిరి', 'అరవ గోల' అని సమాసాలు కట్టినప్పుడు మనం మాటకు మసి పూశాం. మన పాత నిఘంటువుల్లో అరవం అంటే తమిళ భాష, అంతే. మా నాయనమ్మ 'అరవం వచ్చు' అని చెప్పుకునేది గర్వంగా. అయినా ఈ రోజు రాతలో తమిళం, తమిళులు అనే రాయండి. వినేవాళ్ళకు అందులో వెక్కిరింత వినిపిస్తున్నప్పుడు మన నిఘంటువు వాళ్ళకు చూపించి లాభం లేదు. ఇదే కొలతతో గుల్టిని కూడా కొలవండి. గదిలో మంచం పంచుకునే స్నేహితుడు అంటే ముద్దు. మార్కులు వేసే మాస్టారు అంటే తప్పు. చెల్లుకు చెల్లు అనే మీ అత్తగారి లెక్క సంతకు పనికి వస్తుంది, భాషకు కాదు.

'ఆయ్' దారి మాత్రం వేరు. ఇది ఊరి పేరు కాదు, ఊతపదం. పొరుగువాడి నోట తరచుగా వినిపించే మాటనే వాడికి పేరుగా తగిలించటం ప్రపంచమంతటా ఉన్నదే. దక్షిణ ఫ్రాన్సులో 'అవును' అనటానికి 'ఒక్' అనేవారు. 'ఒక్ భాష' అనే మాటే లాంగ్‌డాక్ అని ఒక ప్రాంతానికి పేరైంది. అర్జెంటీనా వాళ్ళు ఎవరినైనా పిలవాలంటే 'చే' అంటారు, మన 'ఓయ్', 'అబ్బీ' లాగా. ఆ ఊతపదం పట్టుకుని క్యూబా మిత్రులు పెట్టిన ముద్దుపేరుతోనే ఎర్నెస్టో గువేరా లోకానికి చే గువేరా అయ్యాడు. ఆయన రోసారియోలో కాక రాజోలులో పుట్టి ఉంటే, మన కుర్రవాళ్ళ చొక్కాల మీద ఈపాటికి 'ఆయ్ గువేరా' అని ఉండేది. అనంతపురం వాళ్ళకు 'అప్పా', శ్రీకాకుళం వాళ్ళకు 'బావు' ఇలాగే అంటుకున్నాయి. వాటిలో మీ ఆయ్‌కి ఒక ప్రత్యేకత ఉంది. అది మర్యాదతో కూడిన అవును. దాన్ని పట్టుకుని ఆట పట్టించేవాళ్ళు మీ వినయాన్నే ఆట పట్టిస్తున్నారు. నొచ్చుకోవలసిందేమీ లేదు.

రాతలో 'గోదావరి వాళ్ళు' అనండి, చాలు. గోదావరీయులు అనే రూపం కేరళీయులు లాగా వ్యాకరణానికి లొంగుతుంది కానీ, ఆ మాట చదివితే పట్టుపంచెలు కట్టుకుని సభకు బయలుదేరిన జనం కనిపిస్తారు తప్ప, గట్టు మీద కూర్చుని వెటకారాలాడే మీ వాళ్ళు కనిపించరు. 'గోదావరి జిల్లాల వాసులు' పత్రికా ప్రకటనకు సరిపోతుంది.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఈసారి ఎవరైనా 'ఏం గుల్టీ' అంటే, మీ ఊరి పద్ధతిలో కాస్త సాగదీసి 'ఆయ్' అనమనండి. అది ఒప్పుకోవటమో, ఎదురు వెక్కిరించటమో వాళ్ళకు తెలియదు. మీ జిల్లాలో పుట్టి పెరిగిన వాళ్ళకే ఒక్కొక్కసారి తెలియదు.