మీ ప్రశ్నకు జవాబు: ఖాళీ కోట్స్ తెచ్చిన తంటా

ప్రశ్న: సార్, మా దగ్గర 40 ఉబుంటు సర్వర్లున్నాయి, వాటిలో యూజర్లను ఆన్సిబుల్ (చాలా సర్వర్లను ఒకేసారి సెట్ చేసే టూల్) ప్లేబుక్‌తో, అంటే చేయాల్సిన పనులు రాసిన ఫైల్‌తో, పెడతాం. జాబితాలో కొందరికే గ్రూపులు రాసి ఉంటాయి, మిగతావాళ్లకు ఆ లైనే ఉండదు. 'అన్‌డిఫైన్డ్' అని ఎర్రర్ వస్తుంటే గ్రూప్స్ దగ్గర డిఫాల్ట్ ఫిల్టర్ (విలువ లేనప్పుడు బ్రాకెట్లోది వాడమని చెప్పేది) పెట్టి బ్రాకెట్లో ఖాళీ కోట్స్ ఇచ్చాను. ఎర్రర్ పోయింది, దాంతోపాటు సగం మందికి సుడో (అడ్మిన్ హక్కు) కూడా పోయింది! ఎందుకిలా?
— పేరు వేయొద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు ఏమీ చెప్పలేదనుకుంటున్నారు గానీ, చెప్పారండీ. పంక్తిలో కూర్చుని మాట్లాడకుండా ఉంటే వడ్డించేవాడు తన లెక్కలో తాను వడ్డించుకుంటూ పోతాడు, అదే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే దాటుకుని వెళ్లిపోతాడు. ఖాళీ కోట్స్ ఇవ్వడమంటే చెయ్యి అడ్డం పెట్టడమే. ఆన్సిబుల్‌లో యూజర్లను పెట్టే యూజర్ మాడ్యూల్‌కి గ్రూప్స్ అన్న పారామీటరే ఇవ్వకపోతే ఉన్న గ్రూపుల జోలికి పోదు, ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని కోట్స్) ఇస్తే మాత్రం ప్రైమరీ గ్రూపు ఒక్కటి ఉంచి మిగతావన్నీ పీకేస్తుంది. ఉబుంటులో సుడో హక్కు వచ్చేది సుడో అనే గ్రూపు వల్లే కాబట్టి అదీ పోయింది. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యంలో ఉంది, దెబ్బ తగిలాక గానీ ఎవరూ చదవరు (నేనూ అంతే).

మీకు కావాల్సింది డిఫాల్ట్ బ్రాకెట్లో ఓమిట్. విలువ ఉంటే పంపు, లేకపోతే అసలు ఆ పారామీటరే రాయలేదనుకో అని దానర్థం. ఓమిట్‌కి కోట్స్ పెట్టకండి, పెడితే ఓమిట్ అనే పేరున్న గ్రూపు కోసం వెతికి, లేదని ఆగిపోతుంది. దాని వెనకాల ఇంకో ఫిల్టర్ కూడా తగిలించకండి. అలాగే అదే మాడ్యూల్‌లోని అప్పెండ్ అనే పారామీటర్‌ని ట్రూ చేయండి, ఎందుకంటే అది మామూలుగా ఫాల్స్‌లో ఉంటుంది, అంటే మీరు రాసిన గ్రూపులు తప్ప వేరేవి ఉండకూడదని లెక్క. అప్పెండ్‌తో ఒక చిక్కుంది: రేపు జాబితాలోంచి ఓ గ్రూపు తీసేసినా సర్వర్‌లో అది అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు ముందు ఒక సర్వర్‌లో ఐడీ కమాండ్ (యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడో చూపేది) కొట్టి, ఆన్సిబుల్ లాగిన్ అయ్యే యూజర్‌కి సుడో మిగిలిందో లేదో చూడండి. ఆ యూజర్‌కి కూడా సుడో పోయి ఉంటే సరిచేసే ప్లేబుక్ అతనితో నడవదు, సుడో మిగిలిన ఇంకో యూజర్‌తో నడపండి, అలాంటివాళ్లూ లేకపోతే 40 సర్వర్లకూ కన్సోల్లోంచి రూట్‌గా (పూర్తి అడ్మిన్‌గా) వెళ్లడమే, ఓపిక తెచ్చుకోండి.

ప్రశ్న: ఆన్సిబుల్ గ్రూప్ వేరియబుల్స్‌లో (సర్వర్ల గుంపుకు ఉమ్మడి విలువలు రాసే ఫైల్) ఎస్ఎస్ఎల్‌కి (ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్) ఫాల్స్ అని రాశాను, అయినా డిఫాల్ట్ ఫిల్టర్ ఉన్న టెంప్లేట్‌లో ట్రూ వస్తోంది, ఆ లైన్ పంపుతున్నాను. ఫైల్ చదవట్లేదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చదువుతోంది. మీరు పంపిన లైన్లో డిఫాల్ట్ బ్రాకెట్లో రెండు ట్రూలున్నాయి చూశారా, తప్పంతా ఆ రెండోదానిది. అది ఉంటే వేరియబుల్ లేనప్పుడే కాదు, ఖాళీగా ఉన్నా, సున్నా ఉన్నా, ఫాల్స్ ఉన్నా డిఫాల్టే తీసుకుంటుంది, అంటే మీ ఎస్ఎస్ఎల్ జన్మలో ఆఫ్ కాదు. ఖాళీ స్ట్రింగుల విషయంలో పనికొస్తుంది గనక అందరూ కాపీ కొట్టేస్తుంటారు. ట్రూ, ఫాల్స్ వేరియబుల్స్ దగ్గర ఆ రెండోది తీసేయండి.

తీసేశాక కమాండ్ లైన్లో మైనస్ ఈతో (వేరియబుల్ విలువ అక్కడికక్కడే ఇచ్చే ఆప్షన్) ఫాల్స్ ఇచ్చి పరీక్షిస్తారేమో, అక్కడ ఇంకో గుంట ఉంది. ఈక్వల్ టు పెట్టి ఇచ్చింది స్ట్రింగ్‌గా వస్తుంది, ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా టెంప్లేట్‌లోని ఇఫ్‌కి ట్రూయే. స్ట్రింగ్‌ని అసలు ట్రూ, ఫాల్స్‌గా మార్చే బూల్ ఫిల్టర్ పెట్టండి, లేదా విలువను జేసన్‌గా ఇవ్వండి.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు, అన్నిటికీ డిఫాల్ట్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు కదా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పోర్టుకీ, టైమవుట్‌కీ పెట్టుకోండి, అదీ రోల్‌లోని (మళ్లీ మళ్లీ వాడుకునే పనుల కట్ట) డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో. వార్స్ ఫోల్డర్‌లో పెడితే గ్రూప్ వేరియబుల్స్‌లో ఎంత మార్చినా దాని మాటే నెగ్గుతుంది. డేటాబేస్ హోస్ట్‌కి మాత్రం లోకల్‌హోస్ట్ (అంటే అదే సర్వర్) అని డిఫాల్ట్ పెట్టొద్దు. ఎవరో ఎప్పుడో టెస్టింగ్‌కి వేసిన డేటాబేస్ అదే సర్వర్‌లో నడుస్తుంటే, అప్లికేషన్ హాయిగా దానికి కనెక్ట్ అయిపోతుంది, ప్లేబుక్ అంతా పచ్చగా కనిపిస్తుంది, కస్టమర్ల డేటా ఏదని ఫోన్ వచ్చేదాకా మీకు తెలియదు. అలాంటిచోట ఎర్రర్ రావడమే నయం. విలువ లేకపోతే ఎర్రర్ ఇచ్చే మ్యాండేటరీ ఫిల్టర్ పెట్టండి, లేదంటే ఆన్సిబుల్ 2.11 వెర్షన్ నుంచి రోల్‌లో మెటా ఫోల్డర్‌లో ఆర్గ్యుమెంట్ స్పెక్స్ ఫైల్ (రోల్‌కి ఏ విలువలు కావాలో చెప్పేది) రాసుకోవచ్చు, తప్పనిసరి విలువ లేకపోతే రోల్ మొదట్లోనే ఆగిపోతుంది. ఆ ఫైల్లో డిఫాల్ట్ అని రాసేది చదువుకోవడానికి మాత్రమే, అసలు విలువ డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో మళ్లీ రాయాల్సిందే.