నాన్నగారి నోట్‌ప్యాడ్ ఫైళ్ళు ఫోన్‌లోకి రావాలంటే

ప్రశ్న: మా నాన్నగారు ఉత్తరాంధ్ర మాటలూ సామెతలూ ఏరి, పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసుకునేవారు. ఆయన పోయాక ఆ ఫోల్డర్ నాకు దొరికింది, కొన్ని వందల టెక్స్ట్ ఫైళ్ళు. ఫోన్‌లో చదువుకోవచ్చని ఒక నోట్స్ యాప్‌లోకి ఇంపోర్ట్ చేశాను. కొన్ని శుభ్రంగా వచ్చాయి, కొన్నిటిలో అంకెలూ డబ్బాలూ, కొన్నిటిలో వరుసగా ప్రశ్న గుర్తులే. యాప్ పాడు చేసేసిందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– గాజువాక నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండమ్మా, ముందు ఆ ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టేయండి. ఇక మీదట చేసేదంతా ఇంకో కాపీ మీదే చేయండి. ఇంపోర్ట్ అంటే యాప్ మీ ఫైలుని చదివి తన దగ్గర ఒక నోటు తయారు చేసుకోవడం, అసలు ఫైలుని మామూలుగా ముట్టుకోదు. కాబట్టి నాన్నగారు రాసింది ఎలా ఉండేదో అలాగే ఉండి ఉంటుంది.

తేడా వచ్చింది ఎన్‌కోడింగ్ దగ్గర. టెక్స్ట్ ఫైల్లో ఉండేవి నంబర్లు, వాటిని ఏ పద్ధతిలో రాశారో ఆ పద్ధతిలోనే చదవాలి. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు కింద ఆన్సీ, యూనికోడ్, యూనికోడ్ బిగ్ ఎండియన్, యూటీఎఫ్-8 అని నాలుగు ఆప్షన్లు ఉండేవి. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకి తలో నంబరు ఇచ్చే పట్టిక, ఆ నంబర్లని ఫైల్లో రాసే పద్ధతులే యూటీఎఫ్-8, యూటీఎఫ్-16. తెలుగు రాసేవాళ్ళలో చాలామంది పేరు చూసి యూనికోడ్ నొక్కేవాళ్ళు. అది నిజానికి యూటీఎఫ్-16. ఇప్పటి యాప్‌లేమో ఏ ఫైలైనా యూటీఎఫ్-8లోనే ఉందనుకుని చదివేస్తుంటాయి, అప్పుడు ఒక్కో తెలుగు అక్షరానికి ఉన్న రెండు బైట్లలో, అంటే రెండు చిన్న నంబర్లలో, మొదటిది అంకెగానో గుర్తుగానో బయటపడుతుంది. ర ఉన్నచోట 0, ల ఉన్నచోట 2, వ బదులు 5, స బదులు 8, మ బదులు చుక్క, ప బదులు నక్షత్రం గుర్తు. క, గ, చ లాంటివైతే డబ్బాలు, లేదా ఏమీ కనపడదు. అంటే నాన్నగారు 'వలస' అని రాసినచోట మీకు 5, 2, 8 కనిపిస్తాయి. ఒక లైను తీసుకుని ఇలా సరిచూడండి, లెక్క కుదిరిందా, ఒక్క అక్షరం కూడా పోలేదన్నమాటే.

దీన్ని బాగుచేయడం తేలిక. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరవండి, తెలుగు చక్కగా కనిపిస్తుంది. సేవ్ యాజ్ కొట్టి, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 పెట్టి సేవ్ చేసి, మళ్ళీ ఇంపోర్ట్ చేయండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే కొత్త ఫైళ్ళని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది, అందుకే ఈమధ్య రాసిన ఫైళ్ళతో ఈ గొడవ రాదు. వందల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరవడం విసుగే, విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసి పని చేయించే పవర్‌షెల్ తెలిసిన కుర్రాళ్ళెవరైనా ఉంటే చిన్న స్క్రిప్ట్‌తో అన్నీ ఒకేసారి మార్చేస్తారు.

కానీ సేవ్ కొట్టేముందు ఒక్క మాట. సేవ్ చేయగానే ఫైలు మాడిఫైడ్ తేదీ ఇవాళ్టిదైపోతుంది, ఆయన ఏ రోజు ఏ మాట రాసుకున్నారో ఆ ఆనవాలు పోతుంది. అందుకని ముందే ఆ తేదీని ఫైలు పేరు మొదట్లో 2006-04-30 లాగా, సంవత్సరం ముందు వచ్చేట్టు చేర్చండి, యాప్‌లో పేర్ల వరుసలో పెడితే అవే కాలక్రమంలో నిలబడతాయి. ఓపిక పట్టి ఇది చేయండి, తర్వాత చేద్దామంటే కుదరదు.

ప్రశ్న గుర్తుల సంగతి వేరు. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ప్రశ్న గుర్తులే ఉంటే, ఆన్సీలో సేవ్ అయిందని అర్థం. ఆన్సీ అంటే ఇంగ్లీషు లాంటి కొన్ని భాషలకే సరిపడే పాత పద్ధతి, అందులో తెలుగుకి చోటు లేదు, నోట్‌ప్యాడ్ ఒక హెచ్చరిక చూపించేది, చూసుకోకుండా ఓకే కొడితే తెలుగు అక్షరాలన్నిటి చోటా ప్రశ్న గుర్తు రాసేసేది. అందులోంచి తిరిగి రాబట్టడం ఎవరివల్లా కాదు. పాత మెయిళ్ళు, సీడీలు, ప్రింట్లు, చేతిరాత పుస్తకాలు వెతకండి. ప్రింటు దొరికితే ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు టెక్స్ట్‌గా మారుస్తుంది. తప్పులు దిద్దుకోవాల్సి ఉంటుంది, ముఖ్యంగా ఒత్తులు.

డీటీపీ సెంటర్లో టైప్ చేయించినవేమైనా ఉంటే అవి ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసి కనపడతాయి. అది ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ఆకారాలు చూపించే అను ఫాంట్ అయ్యుండొచ్చు, యూనికోడ్ కాదు. ముందు అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాతే ఇంపోర్ట్.

ప్రశ్న: గూగుల్ కీప్‌లోకి టెక్స్ట్ ఫైళ్ళు ఇంపోర్ట్ చేసే బటన్ ఎక్కడుంది?
– మధురవాడ పాఠకుడు

జవాబు: లేదండి. కాపీ, పేస్ట్ ఒక్కటే దారి. పాలవాడి లెక్కలూ సరుకుల జాబితాలూ అయితే కీప్ బాగుంటుంది, వందల ఫైళ్ళున్నప్పుడు దాని జోలికి వెళ్ళకండి.

ప్రశ్న: మా భజన మండలిలో పాడే సింహాచలం అప్పన్న కీర్తనలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉన్నాయి. అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ ఫోల్డర్లో పడేస్తే అసలు కనిపించట్లేదు. వేరే యాప్‌లో కనిపించాయి గానీ చరణాల పాదాలన్నీ ఒకే వరుసలో కలిసిపోయాయి.
– పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: అబ్సిడియన్ నోట్లుగా చూసేది మార్క్‌డౌన్ ఫైళ్ళనే, అంటే మామూలు టెక్స్ట్‌లోనే శీర్షికల్లాంటివి చిన్న చిన్న గుర్తులతో సూచించే పద్ధతిలో ఉన్నవాటినే. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ తీసేసి ఎండీ అని పెడితే చాలు, లోపల ఏమీ మార్చక్కర్లేదు. అన్నీ ఒకేసారి మార్చాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత పవర్‌టాయ్స్‌లో పవర్‌రీనేమ్ ఉంది.

పాదాలు కలిసిపోవడం మార్క్‌డౌన్ పద్ధతి. 2004లో జాన్ గ్రూబర్ దీన్ని తెచ్చినప్పటి నుంచీ ఒక్కసారి ఎంటర్ కొడితే కొత్త లైను కింద లెక్క కాదు. పాదం చివర రెండు స్పేస్‌లు పెట్టండి, లేదా రెండు చరణాల మధ్య ఖాళీ లైను వదలండి. అబ్సిడియన్ మాత్రం మామూలు సెట్టింగులో లైన్లని ఉన్నవి ఉన్నట్టే చూపిస్తుంది, కాబట్టి కీర్తనలకి అదే మేలని నా అభిప్రాయం. ఇంకోటి, పల్లవి కింద చరణాన్ని ట్యాబ్ కొట్టి లోపలికి జరిపి ఉంటే దాన్ని ప్రోగ్రామ్ కోడ్ అనుకుని వేరే అక్షరాల్లో చూపించే అవకాశం ఉంది, ఆ ట్యాబులు తీసేయండి.

ప్రశ్న: ఇంపోర్ట్ అయిపోయాక అసలు ఫైళ్ళు తీసేయొచ్చా?
– భీమిలి పాఠకురాలు

జవాబు: వద్దు. అబ్సిడియన్ అయితే ఆ ఫైళ్ళనే నేరుగా వాడుతుంది, తీసేస్తే నోట్లే పోతాయి. జోప్లిన్ అనే ఇంకో నోట్స్ యాప్ తన డేటాబేస్‌లోకి కాపీ చేసుకుంటుంది, అయినా అసలువి ఉంచండి. కేవలం నెట్‌లోనే దాచుకునేవాళ్ళకి కూడా ఇదే చెబుతాను, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో రోజుల తరబడి కరెంటూ సిగ్నలూ లేవన్నది మనకి గుర్తుంది కదా. జోప్లిన్ వాడుతుంటే అప్పుడప్పుడు కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోకి వెళ్ళి నోట్లన్నీ మార్క్‌డౌన్ ఫోల్డర్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోల్డర్‌ని కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.