సమాధానం: పిల్లలు రాత్రి ప్రార్థనకి కూర్చోవడం లేదు

పునీతుల (కథోలిక చర్చి పరిశుద్ధులుగా ప్రకటించినవాళ్ల) కథలు చదివి వినిపిస్తున్నా పిల్లలు రాత్రి ప్రార్థనకి రావట్లేదని మీ ఉత్తరంలో అన్నారు. లోపం కథల్లో ఉన్నట్టు లేదు. "మీరు మొదలుపెట్టండి, నేనొస్తా అంటాను" అని మీరే రాశారు చూడండి, చిక్కంతా అక్కడే.

1. ముందు మీరు మోకరించండి, ఎవర్నీ పిలవకుండా. చాలామంది తండ్రులు వదిలేసేది ఇదే. ఫ్రాన్స్‌లో గడియారాల పని చేసిన లూయీ మార్టిన్ (1823–1894) సంగతే తీసుకోండి. పునీతులు ఎలా ప్రార్థిస్తారో తెలియాలంటే నాన్న వైపు చూస్తే చాలని ఆయన ఆఖరి కూతురు, తర్వాత తనూ పునీతురాలైన చిన్న తెరేసా, రాసుకుంది. ఆ పిల్లకి గుర్తున్నది నాన్న చెప్పిన పాఠం కాదు, ఆయన ముఖం. మీ ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. వారం పాటు "రండి" అనే మాటే వద్దు.

2. వాళ్లొచ్చాక ఐదు నిమిషాల్లో ముగించండి.

3. ప్రార్థన వేళ కాకుండా కూడా వాళ్లతో గడపండి. లూయీ తెరేసాని చేపలు పట్టడానికి వెంట తీసుకెళ్లేవాడు. ఇంగ్లండ్‌లో రాజు కొలువు చేసిన మరో పునీతుడు థామస్ మోర్, ఇంట్లోవాళ్లతో కబుర్లని కూడా తన పనుల్లోనే లెక్కేసుకునేవాడు.

4. ఒకడు అల్లరి చేస్తే టెన్షన్ వద్దు. లూయీ, ఆయన భార్య జెలీ 2015లో కలిసి పునీతులయ్యారు, కానీ వాళ్ల కూతురు లియోనీని బడివాళ్లు ఇంటికి పంపేశారు. అల్లరివాణ్ణి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి, చాలు.