బాక్టీరియా ఎండాకు తెగులు: గట్టుకు ఇవతల వరి ఎండి, అవతల వరి పచ్చగా ఉండటానికి కారణం

సందేహం: పిలక దశ దాటిన మా వరిలో ఆకులు కొనల నుంచి అంచుల వెంబడి పసుపు రంగుకు తిరిగి, గడ్డి రంగులో ఎండిపోతున్నాయి. శిలీంద్రనాశిని రెండుసార్లు పిచికారీ చేసినా తెగులు ఆగలేదు. గట్టుకు అవతల అదే నీటితో, అవే ఎరువులతో పెరుగుతున్న తెగులు తట్టుకునే రకం మాత్రం పచ్చగా ఉంది. ఆ విత్తనంలో ఉన్న గుణం ఏమిటి? అది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇప్పుడు నేను ఏ మందు వాడాలి?

సలహా: మీరు రాసిన లక్షణాలు బాక్టీరియా ఎండాకు తెగులువి. నిర్ధారించుకోవడానికి, ఎండిన భాగం పచ్చటి భాగాన్ని కలిసే చోట ఆకును కత్తిరించి, ఆ కోతను గాజు గ్లాసులోని తేటనీటిలో ముంచి కొద్దిసేపు గమనించండి. కోత నుంచి పాలవంటి తెల్లటి ద్రవం నీటిలోకి దిగితే తెగులు బాక్టీరియా వల్లనే వచ్చిందని తేలుతుంది. శిలీంద్రాలను చంపే మందు బాక్టీరియాపై పనిచేయదు కాబట్టి మీ రెండు పిచికారీలూ ఫలించలేదు.

జాంథోమోనాస్ ఒరైజే అనే ఈ బాక్టీరియా ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి చేరి, నీటిని మోసే దారునాళాల్లో స్థిరపడుతుంది. అక్కడ దానికి దొరికే ఆహారం చాలా తక్కువ. అందుకే అది ఒక సన్నని గొట్టంలాంటి నిర్మాణం ద్వారా తన ప్రొటీన్లను నేరుగా వరి కణంలోకి పంపుతుంది. వాటిలో టేల్ ప్రొటీన్లు అనేవి కణ కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్‌ఏపై ఎంచుకున్న చోట కూర్చొని, అక్కడి జన్యువును పని చేయిస్తాయి. యజమాని సంతకాన్ని అచ్చంగా దించి ఖజానా తెరిపించడం వంటి పని ఇది. ఆ విధంగా మేల్కొనే జన్యువుల్లో ముఖ్యమైనవి స్వీట్ వర్గానివి. కణంలోని చక్కెరను బయటికి పంపే ప్రొటీన్లను తయారుచేయించేవి ఇవే. వరి తన అవసరానికి దాచుకున్న చక్కెర ఈ దారిలో బాక్టీరియాకు అందుతుంది.

టేల్ ప్రొటీను సరైన చోటును ఎలా గుర్తిస్తుందో తెలుసుకుంటే మీ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. దాని మధ్యభాగంలో సుమారు 34 అమైనో ఆమ్లాల తునక ఒకటి దాదాపు మార్పు లేకుండా వరుసగా అనేకసార్లు వస్తుంది. ఒక్కో తునకలో 12, 13వ స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలు డీఎన్‌ఏలోని ఒక్కో అక్షరాన్ని గుర్తిస్తాయి. ఈ లెక్కను 2009లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఛేదించాయి. అంటే, వరి జన్యువు ముందుభాగంలో ఆ అక్షరాల వరుస మారితే బాక్టీరియా ప్రొటీనుకు పట్టు దొరకదు.

తట్టుకునే రకాల్లో వాడే ఎక్స్‌ఏ13 అనే జన్యువు సరిగ్గా అలాంటి మార్పే. అది స్వీట్11 జన్యువు రూపాంతరం. అయితే ఆ జన్యువును పూర్తిగా తీసేయలేము, ఎందుకంటే పుప్పొడి ఏర్పడటానికి వరికి అది కావాలి. ఎక్స్‌ఏ13లో మార్పు జన్యువు ముందుభాగంలో ఉంది కాబట్టి పుప్పొడికి లోటు రాదు, బాక్టీరియా ఆజ్ఞ మాత్రం చెల్లదు. నాకు ఈ తెగులు గురించి తెలిసిన విషయాలన్నిటిలో అత్యంత అద్భుతంగా తోచేది ఇదే. ఎక్స్‌ఏ5 మరో మార్గంలో పనిచేస్తుంది. జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రొటీనులో 39వ స్థానంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల టేల్ ప్రొటీన్లకు ఆసరా తగ్గుతుంది. ఒక అడవి వరి జాతి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ21 బాక్టీరియా రాకను కణం పైపొరలోనే పసిగట్టే గ్రాహక ప్రొటీనును ఇస్తుంది.

ఈ గుణం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అందులో ఎన్ని జన్యువులున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. స్వీట్11 దారి మూసుకుపోతే, అదే వర్గంలోని స్వీట్14 జన్యువును మేల్కొలిపే వేరే టేల్ ప్రొటీను ఉన్న బాక్టీరియా జాతులు ఎక్స్‌ఏ13ను దాటేస్తాయి. ఎక్స్‌ఏ5ను దాటగల జాతులూ ఉన్నాయి. ఒక్క జన్యువును నమ్ముకున్న రకం అందువల్లనే కొన్నేళ్లలో లొంగిపోవచ్చు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ కలిసి రూపొందించగా 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరిలో ఈ మూడు జన్యువులనూ కలిపారు. జన్యు గుర్తుల సాయంతో మొక్కలను ఎంచుకుంటూ సంకరణం ద్వారానే దాన్ని తయారు చేశారు కాబట్టి అది జన్యుమార్పిడి పంట కాదు.

ఇక మీ పైరు విషయానికి వస్తే, ఎండిన ఆకులను తిరిగి పచ్చగా మార్చే మందు లేదు. బాక్టీరియా నాళాల లోపల ఉంటుంది, రాగి మందులు ఆకు పైననే నిలిచిపోతాయి. యాంటీబయోటిక్ మందులను పదేపదే కొడితే వాటికి లొంగని బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి ఆ దారి పట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. వేయాల్సిన యూరియాను ప్రస్తుతానికి ఆపండి, అధిక నత్రజని ఈ తెగులును ఉధృతం చేస్తుంది. నిలిచిన నీటిని తీసివేయండి, కానీ ఆ నీరు ఇతర మడుల్లోకి పారకుండా చూడండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు చేనులో తిరగవద్దు.

వచ్చే పంటకు ఒకటి కంటే ఎక్కువ నిరోధక జన్యువులున్న రకాన్ని ఎంచుకోండి. ఎక్స్‌ఏ21 రక్షణ లేత నారులో బలహీనంగా ఉండి, మొక్క ముదిరే కొద్దీ బలపడుతుంది. కాబట్టి తట్టుకునే రకమైనా నాట్ల సమయంలో నారు కొనలు తుంచకండి, ఆ గాయాలే తెగులుకు ద్వారాలవుతాయి. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే అవి పనిచేస్తాయి. వరి స్వపరాగ సంపర్క పంట కాబట్టి విత్తనాన్ని మీరే నిల్వ చేసుకోవచ్చు గానీ, విత్తనానికి ఉంచే మడిలో వేరుగా కనిపించే మొక్కలను పూత దశకు ముందే పీకివేసి, నూర్పిడిలో మరో రకం గింజలు కలవకుండా చూసుకోండి.