క్యాపిటలిజం అనే మాట ఎవరిది, దాని అసలు అర్థమేమిటి?

క్యాపిటలిజం, అంటే పెట్టుబడిదారీ విధానం, అనే మాటను ఇవాళ్టి అర్థంలో వాడుకలోకి తెచ్చింది దాన్ని సమర్థించినవాళ్లు కాదు, వ్యతిరేకించిన సోషలిస్టులే. 1850లో ఫ్రెంచి సోషలిస్టు లూయీ బ్లాఁ, పెట్టుబడిని కొందరే చేజిక్కించుకుని మిగతావాళ్లకు దక్కకుండా చేయడాన్ని ఈ పేరుతో పిలిచాడు. పెట్టుబడి ఉండటం వేరు, అది కొందరి గుప్పిట్లోనే ఉండటం వేరు. కీలకమంతా ఈ తేడాలోనే ఉంది.

ఒక నేత మిల్లు తీసుకోండి. మగ్గాలు, నూలు, చివరికి నేసి మడతపెట్టిన బట్ట కూడా యజమానివే. నేసినవాళ్లకు కూలి ముడుతుంది, ఖర్చులు పోగా మిగిలిన లాభం యజమానికి పోతుంది. అదే మగ్గాలు నేసేవాళ్ల ఉమ్మడి సొత్తో, సమాజం సొత్తో అయితే అది సోషలిజం దారి.

ఈ మాట ఆర్థికవేత్త ఆడం స్మిత్‌దనో, మార్క్స్‌దనో చాలామంది అనుకుంటారు. 1776లో వచ్చిన స్మిత్ పుస్తకం ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఆ పదమే కనిపించదు. మార్క్స్ కూడా ఎక్కువగా ‘పెట్టుబడిదారీ ఉత్పత్తి విధానం’ అనే రాశాడు. ఇంతకన్నా పెద్ద పొరపాటు, అమ్మకాలు కొనుగోళ్లు ఉంటే చాలు క్యాపిటలిజమే అనుకోవడం. సంతలు, బేరసారాలు అంతకు వేల ఏళ్ల ముందునుంచే ఉన్నాయి.